పేరుంది, మనిషేరీ?

2019 జులైలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నల్‌లో ఒక చిన్న మార్పు జరిగింది. దానివల్ల ఏ కంప్యూటరూ వేగం పుంజుకోలేదు, కొత్త సదుపాయమూ ఏదీ రాలేదు. ఫ్లాపీ డిస్కు డ్రైవర్‌ను ఎవరు చూసుకుంటున్నారో చెప్పే నాలుగైదు వరుసల్లో ఒక పేరు తీసేసి, 'స్థితి' అన్నచోట 'అనాథ' అని రాశారు. అంతే. ఆ పేరు గల డెవలపర్ దగ్గర పనిచేసే ఫ్లాపీ డ్రైవ్ లేకుండా పోయింది. ఎవరైనా మరమ్మతు పంపితే యంత్రంలో పెట్టి చూసి, బాగుందనో లేదనో చెప్పే వీలు ఆయనకు లేదు. పేరు తీసేసి ఆ మాట రాసింది లినక్స్‌ను సృష్టించిన లినస్ టోర్వాల్డ్సే.

ఫ్లాపీకి దిక్కుంటే ఎంత, లేకపోతే ఎంత అనిపించవచ్చు. ఈనాటి పిల్లలకు అది ఫైలు సేవ్ చేసే బొమ్మ తప్ప మరేమీ కాదు. కానీ ఫ్లాపీ కంట్రోలర్ ఇంకా బతికే ఉంది. ఇనుముగా కాదు, వర్చువల్ మెషీన్లలో ఉత్త కోడ్‌గా. 2015లో 'వెనమ్' పేరుతో బయటపడిన లోపం అలాంటి కోడ్‌లోదే. క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో ఫ్లాపీ కంట్రోలర్‌ను అనుకరించే భాగంలో 2004 నుంచీ ఒక తప్పు పడి ఉంది. వర్చువల్ మెషీన్ లోపల ఉన్నవాడు గోడ దూకి బయటి అసలు యంత్రం మీద పడడానికి అది దారి. పదకొండేళ్ళు ఎవరి కంటా పడలేదు. వాడేవాళ్ళు లేరనుకున్న కోడ్‌ను చూసేవాళ్ళు కూడా తగ్గిపోతారు. కన్నం వెతికేవాళ్ళు మాత్రం తగ్గరు. కాబట్టి ఫలానా పాత డ్రైవర్‌కు ప్రస్తుతం ఎవరైనా ఉన్నారా అన్నది పాతసామాన్ల లెక్కేమీ కాదు.

లినక్స్ సోర్స్ కోడ్ దించుకుని తెరిస్తే మొదటి ఫోల్డర్‌లోనే 'మెయింటైనర్స్' అనే టెక్స్ట్ ఫైలు ఒకటి ఉంటుంది. డేటాబేసు కాదు, వెబ్‌సైటు కాదు, ఉట్టి అక్షరాలు. 20 వేల వరుసలు దాటి ఇంకా పెరుగుతోంది. కెర్నల్‌లో ఒక్కో భాగానికి ఒక్కో పద్దు: ఒక నెట్‌వర్క్ కార్డు, ఒక ఫైల్ సిస్టం, ఫలానా టచ్‌ప్యాడ్. పద్దు పేరు కింద ప్రతి వరుసా ఒకే ఒక్క ఇంగ్లిష్ అక్షరంతో మొదలవుతుంది. 'ఎం' ఎదురుగా మెయింటైనర్, అంటే ఆ భాగాన్ని చూసుకునేవారి పేరు, ఈమెయిలు. 'ఆర్' ఎదురుగా సమీక్షకులు, అంటే నిర్ణయం వాళ్ళది కాదు గానీ చూసి నాలుగు మాటలు చెప్తారు. 'ఎల్' అంటే చర్చ జరిగే మెయిలింగ్ లిస్టు. 'ఎఫ్' అంటే ఆ భాగం కిందికి వచ్చే ఫైళ్ళు, ఫోల్డర్లు. అన్నిటికంటే చిన్నదీ, నా లెక్కలో అన్నిటికంటే విలువైనదీ 'ఎస్' వరుస. స్థితి.

ఆ వరుసలో రాయడానికి ఐదు మాటలు ఏర్పాటు చేసుకున్నారు. 'సపోర్టెడ్' అంటే ఈ పని చేస్తున్నందుకు ఎవరికో జీతం ముడుతోంది. 'మెయింటైన్డ్' అంటే జీతం మాట ఎలా ఉన్నా, నిజంగా ఒకరు కనిపెట్టుకుని ఉన్నారు. 'ఆడ్ ఫిక్సెస్' అంటే మనిషి ఉన్నారు గానీ తీరిక లేదు, అడపాదడపా ఒక మరమ్మతు వేస్తారు. 'ఆర్ఫన్' అంటే అనాథ. 'అబ్సొలీట్' అంటే దీన్ని వదిలెయ్యండి, ఇంతకంటే మంచిది వచ్చింది. 'అనాథ' అన్న మాటకు వివరణ ఇస్తూనే, కొత్త కోడ్ రాస్తున్న మీరే దీన్ని చేపట్టవచ్చేమో చూడండని ఆ ఫైలు పీఠికలో ఒక పిలుపు కూడా ఉంది. ఉన్న స్థితిని ఇంత ఉన్నదున్నట్టుగా చెప్పే పత్రాలు నేను ఎక్కువ చూడలేదు. మన ఆఫీసుల్లో ఏ కుర్చీ వెనకైనా బోర్డు మీద 'అడపాదడపా' అని రాసి ఉండగా ఎప్పుడైనా చూశారా?

చిట్టచివరి పద్దు పేరు 'ద రెస్ట్', అంటే మిగిలినదంతా. ఎవరి పద్దులోకీ రాని ఫైళ్ళన్నీ దాని కిందికే వస్తాయి. అక్కడ పేరు లినస్‌ది. స్థితి దగ్గర మాత్రం పై ఐదింటిలో ఏదీ లేదు. ఫిర్యాదులు చేసేవాళ్ళ కింద సజీవ సమాధి అయి ఉన్నాను అనే అర్థం వచ్చేలా ఒక చమత్కారం రాసి పెట్టారు.

ఈ ఫైలును మనుషులు చదవడం తక్కువ. చదివేది ఒక చిన్న ప్రోగ్రాం. 'గెట్ మెయింటైనర్' అని పేరు, పెర్ల్ భాషలో రాశారు, 2009లో కెర్నల్‌లో చేరింది. ఒకరు కోడ్‌లో తప్పు దిద్ది ప్యాచ్ తయారుచేసుకున్నారనుకోండి. దాన్ని ఈ ప్రోగ్రాం చేతికిస్తే, ప్యాచ్ ఏయే ఫైళ్ళను తాకిందో చూస్తుంది, 'ఎఫ్' వరుసలతో పోల్చుకుంటుంది, ఎవరెవరికి మెయిలు పెట్టాలో జాబితా ఇస్తుంది. ఏ పద్దూ సరిగ్గా కలవకపోతే, కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ చరిత్రలోకి వెళ్ళి, గడిచిన ఏడాదిలో ఆ ఫైలు మీద చెయ్యేసిందెవరో వెతుకుతుంది. అంటే కెర్నల్‌లోకి కొత్తగా అడుగుపెట్టే విద్యార్థి మొదటి ఉత్తరం ఎవరికి చేరాలో తేల్చేది ఈ పద్దే. అది తప్పయితే ఉత్తరం గోడకు రాసినట్టే.

తప్పు ఎలా పడుతుంది? ఎవరో అబద్ధం రాయడం వల్ల కాదు. రాసిన రోజున ప్రతి వరుసా నిజమే. తర్వాత మనుషులు కదులుతారు, వరుస కదలదు. అపార్ట్‌మెంటు లిఫ్టులో 'ఆగిపోతే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి' అన్న స్టిక్కర్ లాంటిదే. నంబరు మారిన రోజున స్టిక్కర్ దానంతటది ఊడి కింద పడదు.

కెర్నల్ డెవలపర్లలో ఎక్కువమంది కంపెనీ చిరునామాతోనే పనిచేస్తారు. ఉద్యోగం మారితే మర్నాటికి ఆ చిరునామా మూతపడుతుంది. మెయిలు 550 అన్న సంకేతంతో తిరిగొస్తే అది అదృష్టమే, ఎందుకంటే కనీసం తెలుస్తుంది. కొన్ని కంపెనీల్లో అది తిరిగి రాదు, ఎవరూ తెరవని ఏదో పెట్టెలో పడుతుంది. పంపినవాళ్ళు వారం చూస్తారు, రెండు వారాలు చూస్తారు. నా ప్యాచ్ బాగాలేదేమో, నన్ను లెక్కచెయ్యలేదేమో అనుకుని వెళ్ళిపోతారు. చిరునామా చెడిందన్న అనుమానం మొదటిసారి రాసేవాళ్ళకు రానే రాదు. ఇలా పోయినవాళ్ళ లెక్క ఎక్కడా నమోదు కాదు.

ఫైళ్ళు కూడా కదులుతాయి. ఒక డ్రైవర్‌ను వేరే ఫోల్డర్‌లోకి మార్చినవాళ్ళు 'ఎఫ్' వరుసను మార్చడం మరిచిపోతారు. అప్పుడు పద్దు ఉంటుంది, మనిషి ఉంటారు, రెంటికీ కోడ్‌తో మాత్రం బంధం తెగిపోతుంది. అందుకే ప్యాచ్‌లను తనిఖీ చేసే ఉపకరణం, కొత్త ఫైలు పెట్టినా, ఉన్నదాన్ని జరిపినా, తీసేసినా, మెయింటైనర్స్ ఫైలు కూడా మార్చాలేమో చూసుకోండని హెచ్చరిస్తుంది. గెట్ మెయింటైనర్‌కు స్వీయ పరీక్ష అనే సదుపాయమూ పెట్టారు. ఏ ఫైలుతోనూ కలవని వరుసలు, తెరుచుకోని లింకులు అది ఏరి చూపిస్తుంది. దాన్ని నడుపుతూ, తెగిన వరుసల్ని అతికిస్తూ పోయేవాళ్ళు ఉన్నారు. కోడ్ రాయడంలో ఉన్న పేరుప్రతిష్ఠలు ఇందులో లేవు. నా మట్టుకు వాళ్ళంటే గౌరవం.

ఇక్కడ గిట్ గురించి కాస్త చెప్పుకోవాలి. లినస్ దాన్ని 2005 ఏప్రిల్‌లో రాశారు. గిట్‌లో ప్రతి మార్పుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఎవరో ఇచ్చేది కాదు, మార్పులోని సమాచారాన్ని గణితప్రక్రియలో నూరి తీసేది. దిద్దిన కోడ్, తేదీ, రాసినవారి పేరు, ఈమెయిలు, అంతకు ముందు మార్పు గుర్తింపు సంఖ్య, అన్నీ ఆ రోట్లో పడాల్సిందే. కాబట్టి పాత మార్పులో ఈమెయిలు ఒక్క అక్షరం మార్చినా దాని సంఖ్య మారుతుంది. దాని మీద ఆధారపడిన తర్వాతి మార్పు సంఖ్యా మారుతుంది. అలా ఇవాళ్టి దాకా అన్నీ మారిపోతాయి, ప్రపంచంలో ఉన్న నకళ్ళన్నిటితో పొత్తు చెడుతుంది. చరిత్రను ఎవరూ చాటుగా తిరగరాయకుండా కాపాడే ఏర్పాటు ఇది. దాని ధర ఏమిటంటే, 2006లో ఒకరు వాడిన ఈమెయిలు ఎప్పటికీ అక్కడే ఉండిపోతుంది.

చరిత్రను దిద్దలేం కాబట్టి పక్కనే ఒక చీటీ పెట్టారు. 'మెయిల్‌మ్యాప్' అని దాని పేరు. ఈ పాత చిరునామా ఎక్కడ కనబడినా ఈ కొత్తదిగా చదువుకోండి అని ఒక్కో వరుసలో రాస్తారు. గిట్ లెక్కలు చెప్పేటప్పుడు దాన్ని చూసుకుంటుంది, గెట్ మెయింటైనర్ కూడా చూసుకుంటుంది. ఉద్యోగం మారిన కెర్నల్ డెవలపర్ చెయ్యాల్సిందల్లా ఆ ఒక్క వరుస పంపడం. మనం ఇల్లు మారుతూ పోస్ట్‌మన్‌కు కొత్త అడ్రసు చెప్పి రావడం లాంటిదనుకోండి. చెప్పకుండా వెళ్ళేవాళ్ళూ ఉంటారు, అది వేరే కథ.

చెప్పకుండా వెళ్ళినవాళ్ళతోనే చిక్కు. తన పేరు తనే కొట్టేసుకోవడం ఎవరికీ సుఖంగా ఉండదు. వచ్చే నెల తీరిక దొరుకుతుందనిపిస్తుంది. పైగా ఆ వరుస ఒక హోదా, ఉద్యోగాల దరఖాస్తులో రాసుకునే మాట. పదవి పోయినా ఇంటి ముందు 'మాజీ' అని బోర్డు పెట్టుకునే దేశంలో ఉన్న మనం దీన్ని తప్పుపట్టలేం. మిగతావాళ్ళు తీసేద్దామంటే అది అవమానించినట్టవుతుందని జంకు. ఈ మొహమాటం మీద కెర్నల్ పత్రాల్లో ఒక సూటి వివరణ ఉంది. పనిలో లేని మెయింటైనర్ పేరు తొలగించడాన్ని శిక్షగా భావించకూడదు, ఆ పేరు ఉండడానికి నిజమైన ఖర్చు ఉంది అని దాని సారాంశం. ప్రతి డెవలపరూ ప్రతిసారీ ఆ పేరును చర్చలో చేర్చాలి. పై స్థాయి మెయింటైనర్ ప్రతిసారీ ఆయన జవాబు కోసం ఆగాలా, అక్కర్లేదా అని బుర్ర చించుకోవాలి. ఖాళీ అయితే పై మెయింటైనర్ తనే చూసేస్తారు. ఖాళీగా కనబడని ఖాళీ అందర్నీ ఆపుతుంది.

అందుకని నెట్‌వర్కింగ్ విభాగంలో లెక్క తీసే పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. గడిచిన కొన్నేళ్ళలో ఫలానా డ్రైవర్‌కు ఎన్ని మార్పులు వచ్చాయి, వాటిలో ఎన్నిటికి ఆ మెయింటైనర్ స్పందించారు, చివరిసారి ఎప్పుడు కనిపించారు అని గిట్ చరిత్ర నుంచి తోడి తీస్తారు. ఆ అంకెలు పెట్టి మరీ తొలగింపు ప్యాచ్ పంపుతారు. మాట కరుకుగా ఉండదు, అంకె మాత్రం ఉంటుంది. తీసేసిన పేరు ఊరికే మాయం కాదు. ఆ కోడ్‌లో చెప్పుకోదగ్గ పని చేసినవాళ్ళను పక్కనే ఉన్న 'క్రెడిట్స్' ఫైలులోకి మారుస్తారు. ఎవరు ఏం చేశారో స్మరించుకునే చోటు అది. అందులో పోస్టల్ అడ్రసుకు కూడా ఒక వరుస ఉంది, ఇంటర్నెట్ చిన్నగా ఉన్న రోజుల వాసన ఇంకా పోలేదు. ఈ రెండు ఫైళ్ళనూ విడదీసినవాళ్ళు ఒక సంగతి గ్రహించారనిపిస్తుంది: నిన్న చేసినందుకు కృతజ్ఞత వేరు, రేపటికి బాధ్యత వేరు. రెండూ ఒకే వరుసలో ఉంటే కృతజ్ఞత కొద్దీ బాధ్యతను అబద్ధం చేస్తాం.

డెబియన్ వాళ్ళు ఇదే సమస్యను మరో దారిలో తీర్చుకున్నారు. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ లినక్స్ పంపిణీలో ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో ప్యాకేజీ. ప్రతి ప్యాకేజీలో మెయింటైనర్ అనే గడి తప్పనిసరి, అక్కడ పనిచేసే ఈమెయిలు ఉండి తీరాలి. వాళ్ళ పరిభాష అంతా కుటుంబాల భాషే. ప్యాకేజీని అనాథగా ప్రకటించవచ్చు, నా చేత కావడం లేదు ఎవరైనా దత్తత తీసుకోండని అడగవచ్చు, నేను తీసుకుంటున్నానని ప్రకటించవచ్చు, వదులుకోను గానీ సాయం కావాలని కూడా అడగవచ్చు. అనాథ అయినప్పుడు గడి ఖాళీగా ఉంచరు. నాణ్యత చూసే బృందం పేరు పెడతారు. కనబడకుండా పోయిన మెయింటైనర్లను వెతికే బృందానికి సైనిక పరిభాషలోంచి పేరు తెచ్చుకున్నారు: యుద్ధంలో జాడ తెలియకుండా పోయినవారు అని.

మనిషి ఉన్నారో లేరో తేలకపోతే? 2018 నుంచి దానికీ ఒక మార్గం ఉంది. ఈ ప్యాకేజీని నేను ఉద్ధరించదలచాను అని బహిరంగంగా ప్రకటించాలి. 21 రోజులు ఆగాలి. ఆలోగా పాత మెయింటైనర్ కాదంటే అక్కడితో సరి. ఎవరూ ఏమీ అనకపోతే కొత్త కూర్పు పంపవచ్చు, అదీ కనీసం ఏడు రోజులు వరుసలో ఆగి గానీ లోపలికి రాదు. పెళ్ళి రిజిస్ట్రేషన్ కోసం నోటీసు బోర్డులో 30 రోజులు పెడతారే, అభ్యంతరాలుంటే చెప్పండని, ఇంచుమించు అదే. పైథాన్ ప్యాకేజీల భాండాగారం పైపీఐది కూడా ఇలాంటి నియమమే. యజమానిని కనీసం మూడుసార్లు సంప్రదించే ప్రయత్నం చేస్తారు, ఆరు వారాలు చూస్తారు. సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో అన్నీ క్షణాల్లో జరగాలంటారు గానీ, ఇక్కడ మాత్రం ఆలస్యమే రక్షణ.

రక్షణ అని ఎందుకంటున్నానంటే, ఇంతసేపూ మనం చెప్పుకున్నది మర్యాదగల ప్రపంచం. చెడిన చిరునామా వల్ల ఉత్తరం చేరకపోవడం చిన్న నష్టం. ఆ చిరునామాను ఇంకొకరు కొనుక్కోవడం పెద్ద నష్టం.

పైపీఐలో 'సీటీఎక్స్' అనే చిన్న ప్యాకేజీ ఉండేది. 2014 తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాని యజమాని ఖాతాకు ఇచ్చిన ఈమెయిలు తన సొంత డొమైన్‌లోది. ఆ డొమైన్ గడువు తీరిపోయింది. డొమైన్ అంటే అద్దె, ఏటా కట్టకపోతే ఎవరైనా తీసుకోవచ్చు. 2022 మే 14న ఒకరు డబ్బు కట్టి దాన్ని తన పేర రాయించుకున్నారు, అదేరోజు పైపీఐలో 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' నొక్కారు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు నేరుగా వాళ్ళ చేతికే వచ్చింది. తాళం పగలగొట్టలేదు, గోడ దూకలేదు. పాత యజమాని ఖాళీ చేసిన ఇంటికి వచ్చిన ఉత్తరం విప్పుకున్నారంతే. తర్వాత విడుదల చేసిన కూర్పులు వాడినవాళ్ళ కంప్యూటర్లలోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను, అంటే క్లౌడ్ తాళంచెవుల్లాంటివి దాచుకునే చోటును, తోడి బయటికి పంపాయి.

ఇది ఒక్క ప్యాకేజీ దురదృష్టం కాదు. జావాస్క్రిప్ట్ వాళ్ళ భాండాగారం ఎన్‌పీఎంలో 16 లక్షల పైచిలుకు ప్యాకేజీలను పరిశీలించి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గడువు తీరిన డొమైన్ల మీద ఆధారపడిన మెయింటైనర్ చిరునామాలు 2,818 బయటపడ్డాయి. వాటి చేతిలో ఉన్న ప్యాకేజీలు 8,494. పైపీఐ 2025 జూన్ నుంచి డొమైన్లను తనే కనిపెట్టి చూస్తోంది. గడువు తీరే దశలోకి వచ్చిన డొమైన్ మీది చిరునామాను ధ్రువీకరణ లేనిదిగా మార్చేస్తుంది, దానికి పాస్‌వర్డ్ లింకు పంపదు. మొదటి కొద్ది నెలల్లోనే అలా మార్చిన చిరునామాలు 1,800 దాటాయి.

అయితే అన్నీ చకచకా తాజా చేసేస్తే సరిపోతుందా? దీనికి ఎదురు కథ ఎక్స్‌జెడ్‌ది. ఫైళ్ళను కుదించే ఈ సాఫ్ట్‌వేర్‌ను ఫిన్లండ్‌కు చెందిన లాసె కొల్లిన్ ఏళ్ళ తరబడి ఇంచుమించు ఒంటిచేత్తో నడిపారు, జీతం లేకుండా. 2022లో కొన్ని అపరిచితమైన పేర్లు చర్చల్లోకి వచ్చి, పనులు నెమ్మదిగా సాగుతున్నాయని, ఇంకొకరికి అప్పగించమని సతాయించాయి. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతంలేని అభిరుచి మాత్రమేనని ఆయన జవాబిచ్చుకోవాల్సి వచ్చింది. అప్పటికే మంచి ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించుకుంటున్న పేరు ఒకటి ఉంది, జియా టాన్. క్రమంగా పగ్గాలు అటు వెళ్ళాయి.

ఈ కథలో అందరూ చెప్పుకునేది చివరి అంకం. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, దూరపు కంప్యూటర్‌లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అరసెకను ఎక్కువ పడుతోందేమిటని కూపీ లాగి, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 కూర్పుల్లో దొడ్డిదారి ఉందని పట్టుకున్నారు. నా చూపు మాత్రం ఏడాది ముందు జరిగిన ఒక చిన్న మార్పు మీద ఆగుతుంది. గూగుల్ నడిపే ఓఎస్ఎస్-ఫజ్ అనే సేవ, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు తోచిన చెత్తంతా తినిపించి ఎక్కడ కూలుతాయో చూస్తుంది. లోపం దొరికితే ముందుగా గుట్టుగా చెప్పేది ఆ ప్రాజెక్టు సంప్రదింపు చిరునామాకే. 2023 మార్చిలో ఎక్స్‌జెడ్ ప్రాజెక్టు ప్రధాన సంప్రదింపు చిరునామా మారింది. కొత్త చిరునామా జియా టాన్‌ది. చూసేవాళ్ళకు అందులో తప్పేముంది? పని చేస్తున్నవారి పేరు పెట్టారు, సమాచారం తాజా అయింది. ఇంతసేపూ నేను పొగిడిన పనే అది. ప్రమాద ఘంటిక ఎవరి చెవిలో మోగాలో నిర్ణయించే వరుస అది, దాన్నే ముందు చేజిక్కించుకున్నారు.

2018లో ఈవెంట్-స్ట్రీమ్ విషయంలోనూ అంతే. ఆ జావాస్క్రిప్ట్ ప్యాకేజీ రచయితకు దాని మీద ఆసక్తి పోయింది, సాయం చేస్తానన్న అపరిచితుడికి ఇచ్చేశారు. కొద్ది వారాల్లో అందులోకి చేరిన ఒక చిన్న అనుబంధ ప్యాకేజీ, ఒక బిట్‌కాయిన్ వాలెట్ వాడేవాళ్ళ సొమ్ము కాజెయ్యడానికి రాసింది. సీటీఎక్స్‌లో పేరు మార్చకపోవడం తలుపు తెరిచింది, ఇక్కడ పేరు మార్చడమే తెరిచింది. కెర్నల్‌లో మెయింటైనర్స్ ఫైలు కూడా కోడ్‌లాగే బహిరంగ సమీక్షకు వచ్చే ప్యాచ్‌లతోనే మారాలన్న ఆచారం, డెబియన్‌లో ఆ 21 రోజులు, చాదస్తంగా కనిపించేవి ఇక్కడే అర్థమవుతాయి. అయినా బహిరంగత ఒక్కటే అన్నిటికీ సమాధానం కాదు. 2024 అక్టోబరులో రష్యాతో సంబంధమున్న డజను వరకూ పేర్లను నిబంధనల కారణంగా అంటూ ఒక్క పొడి వాక్యంతో కెర్నల్ మెయింటైనర్స్ ఫైలు నుంచి తీసేసినప్పుడు, మార్పు అందరికీ కనబడింది. కారణం మాత్రం గొడవ పెద్దదయ్యాక గానీ విప్పి చెప్పలేదు.

మన తెలుగుకూ ఇందులో ఒక మూల ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లలో చాలావాటి తెలుగు అనువాదాలు 'పీవో' అనే రకం ఫైళ్ళలో ఉంటాయి. ప్రతి ఫైలు నెత్తి మీదా చివరిసారి అనువదించినవారి పేరు, ఈమెయిలు, భాషా బృందం చిరునామా రాసుకునే వరుసలుంటాయి. ఖాళీ నమూనాలో అక్కడ 'పూర్తి పేరు', 'ఈమెయిలు చిరునామా' అని పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది, మనం దిద్దుకోవాలి. దిద్దకుండా వదిలేసిన ఫైళ్ళు నేను చూశాను. కొన్నేళ్ళ కిందట ఒక ప్రోగ్రాంలో 'రద్దుచేయి' అన్నచోట 'రద్ధుచేయి' అని పడి ఉంటే, ఒత్తు తీసేసి ఫైలు నెత్తి మీదున్న చిరునామాకు పంపాను. పది నిమిషాల్లో తిరిగొచ్చింది. బృందం చిరునామాకు పంపాను. అది తిరిగి రాలేదు, జవాబూ రాలేదు. ఆ ప్రోగ్రాం పేరెందుకులెండి, అనువదించినవాళ్ళు ఎవరో విద్యార్థులే అయి ఉంటారు, ఉద్యోగాల్లో పడి ఉంటారు. నా కోపమల్లా నా మీదే. ఆ వరుసలో నా పేరు పెట్టుకుంటానని అప్పుడు నేను అనలేదు.

తాజాగా ఉంచడం మనుషుల వల్ల కాదని ఒప్పుకుని కట్టిన ఏర్పాటు ఒకటి నాకు బాగా నచ్చింది. వెబ్‌సైట్లలో భద్రతా లోపం కనబడితే ఎవరికి చెప్పాలో తెలిపే 'సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ' అనే చిన్న ఫైలుకు 2022 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 9116 పేరుతో నిర్దేశపత్రం వచ్చింది. అందులో తప్పనిసరి వరుసలు రెండే రెండు. ఒకటి, ఎవరిని సంప్రదించాలి. రెండోది, ఈ సమాచారం ఏ తేదీ దాకా చెల్లుతుంది. ఆ తేదీ ఏడాది లోపే ఉండాలని సిఫారసు. పాల ప్యాకెట్టు మీద వేసినట్టు. తేదీ దాటితే, అక్కడ ఎంత పెద్ద పేరున్నా నమ్మకండని ఫైలే చెప్పేస్తుంది. మామూలు జాబితాలో ఎవరూ ఏమీ చెయ్యకపోతే పేరు నిలుస్తుంది, ఇందులో ఎవరూ ఏమీ చెయ్యకపోతే పేరు చెల్లదు. మెయింటైనర్ల జాబితాలన్నిటికీ ఈ పద్ధతి ఎందుకు రాలేదా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఏటా ఒకసారి 'ఉన్నాను' అని ఒక్క మాట, లేదా మౌనం. బహుశా 20 వేల వరుసలకు అది సాధ్యం కాదు కాబోలు. రెండు వందల వరుసలున్న చిన్న ప్రాజెక్టుకు మాత్రం ఒక సాయంత్రం పని.

ఫ్లాపీ డ్రైవర్ ఏమైందో చెప్పలేదు కదూ. 2019లో అది అనాథ అయిన రోజుల్లోనే దానికి మరమ్మతులు పంపుతున్న డెవలపర్ ఒకరున్నారు. తర్వాత 'ఎం' వరుసలో ఆయన పేరు చేరింది. 'ఎస్' వరుసలో గొప్పలేమీ పోలేదు. అక్కడ రాసుకున్నది 'ఆడ్ ఫిక్సెస్' అనే.